పాత ఇనుప సామాన్ల కొట్లు ఇళ్ల మధ్య ఉండవచ్చా, ఊరి బయటకు పంపాలా?

ప్రశ్న (హైదరాబాద్ సభ్యురాలు)

మా వీధి చివర, ఒకప్పుడు ఇల్లు ఉన్న స్థలంలో రేకుల షెడ్డు వేసి పాత ఇనుప సామాన్ల కొట్టు నడుపుతున్నారు. అట్టపెట్టెలు, ఖాళీ సీసాలు, పాడైన ఫ్రిజ్‌లు, స్కూటర్ల విడిభాగాలు ప్రహరీ దాటి రోడ్డు మీదికి వచ్చాయి. దీన్ని ఇక్కడి నుంచి తొలగించాలని కాలనీవారు మున్సిపల్ అధికారులకు వినతిపత్రం ఇస్తున్నారు. దాని మీద సంతకం పెట్టే ముందు నేను తేల్చుకోవలసింది ఒకటుంది. ఇటువంటి కొట్లను నివాస ప్రాంతాల నుంచి పూర్తిగా పంపించివేయాలా, లేక ఉన్నచోటే ఉంచి కఠినమైన షరతులు పెట్టాలా? చట్టం తెలిసినవారు, ఈ వ్యాపారంలో ఉన్నవారు, ఇరుగుపొరుగున ఉండి ఇబ్బంది పడినవారు తమ అభిప్రాయం చెప్పవలసిందిగా కోరుతున్నాను.

కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి (సికింద్రాబాద్)

సంతకం పెట్టండమ్మా. 2022 మార్చి 23 తెల్లవారుజామున మా సికింద్రాబాద్‌లోనే, భోయిగూడలోని తుక్కు గోదాములో మంటలు చెలరేగి, బీహార్ నుంచి పని కోసం వచ్చిన 11 మంది నిద్రలోనే చిక్కుకుని ప్రాణాలు కోల్పోయారు. కింద తుక్కు, పైన కార్మికుల పడక. కిటికీలోంచి దూకిన ఒక్కరు మాత్రమే బతికారు. ఆ తరువాత కొన్నాళ్లు తనిఖీలు జరిగాయి, నోటీసులు ఇచ్చారు, మళ్లీ అంతా యథాస్థితికి వచ్చింది. షరతులు పెట్టి ఉంచుదామనేవారు ఆ షరతులు ఇప్పటివరకు ఎక్కడ అమలయ్యాయో ముందుగా చూపించాలి.

మంటల మాట పక్కన పెట్టినా దోమల సంగతి ఉంది. పాత టైరును నిలబెట్టినా, పడుకోబెట్టినా లోపలి గాడిలో కొంత వాననీరు నిలిచిపోతుంది. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ ఆ నీటి అంచుకు కాస్త పైన, రబ్బరు గోడకే గుడ్లు అంటిస్తుంది. నీరు ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి చావవు, మళ్లీ వాన పడి గాడి నిండగానే పొదిగి వారం పది రోజుల్లో దోమలవుతాయి. ఇంట్లో పూలకుండీ పళ్లెం అయితే వారానికొకసారి వంచి పారబోయవచ్చు. గుట్టగా పోసిన టైర్లను ఎవరు ఒక్కొక్కటిగా తిప్పి చూస్తారు? పసిపిల్లలున్న ఇళ్ల మధ్య ఈ వ్యాపారానికి తావు లేదన్నదే నా స్థిరమైన అభిప్రాయం.

తుక్కు వ్యాపారి (విజయవాడ)

కార్యదర్శి గారూ, భోయిగూడలో చనిపోయినవారు మా వంటి కొట్లలో పనిచేసేవారే. ఆ బాధ మాకు మరింత దగ్గరిది. అయితే ఊరి బయటకు పంపితే ఏం జరుగుతుందో మా వైపు నుంచి కూడా ఆలోచించమని వేడుకుంటున్నాను.

తెల్లవారకముందే తోపుడు బండితోనో, మూడు చక్రాల రిక్షాతోనో బయలుదేరి వీధివీధి తిరిగి సామాను కొనేవారు, చిత్తు కాగితాలు ఏరుకునేవారు, మధ్యాహ్నానికో సాయంత్రానికో మా కాటా మీద తూకం వేయించుకుని డబ్బు తీసుకుంటారు. ఆ డబ్బుతోనే ఆ పూట బియ్యం కొంటారు. అలా వచ్చినదాన్ని మేము రకాలుగా వేరు చేసి పెద్ద గోదాములకు పంపుతాము, అక్కడి నుంచి ఇనుము రోలింగ్ మిల్లులకు, అట్ట కాగితపు మిల్లులకు వెళ్తుంది. కాటాను 20 కిలోమీటర్ల అవతలికి తరలిస్తే, విలువైన రాగి, ఇత్తడి, అల్యూమినియం ఎవరో ఒకరు ఆటోలో వేసుకుని ఎలాగైనా అక్కడికి చేరుస్తారు. పగిలిన సీసా, తడిసిన అట్ట, పలుచటి ప్లాస్టిక్ మాత్రం చేరవు. వాటిని అంత దూరం మోసినందుకు ఏమీ మిగలదు కనుక అవి మా ఊళ్లో బందరు కాలువలోనో, రైవస్ కాలువలోనో తేలుతాయి.

ఇంకొక మాట. మా జవహర్ ఆటోనగర్ ఏర్పడినప్పుడు అది ఊరి అంచే. ఈ రోజు ఊరు పటమట, కానూరు దాటి విస్తరించింది. మమ్మల్ని ఎంత దూరం పంపినా కొన్నాళ్లకు ఇళ్లు మా వెంటే వస్తాయి, మళ్లీ ఇదే వినతిపత్రం తయారవుతుంది. 2024 అక్టోబరు 10 నుంచి, రిజిస్ట్రేషన్ లేనివారి దగ్గర లోహపు తుక్కు కొంటే జీఎస్టీ కొన్నవారే కట్టాలన్న నియమం వచ్చింది. పన్ను దగ్గర మా వ్యాపారాన్ని ఇంత వివరంగా గుర్తించిన ప్రభుత్వం, పని చేసుకోవడానికి మాకు స్థలం చూపే విషయానికి వచ్చేసరికి మమ్మల్ని ఆక్రమణదారులుగానే చూస్తోంది.

తప్పులు మా వైపు లేవని అనను. కేబుళ్లు కాల్చడం తప్పు. కాల్చిన రాగి నల్లబడి ధర తగ్గుతుందని, చేత్తో ఒలిచిన మెరుపు రాగికి ఎక్కువ వస్తుందని మా అందరికీ తెలుసు. అయినా సన్నని తీగలను ఒలవడానికి కూలి గిట్టక, చీకటి పడ్డాక ఖాళీ స్థలంలో నిప్పు పెట్టేవారున్నారు. అటువంటివారిని పట్టుకుని జరిమానా వేస్తే నిజాయతీగా వ్యాపారం చేసేవారం సంతోషిస్తాము.

సభ్యుడు (డాలస్, అమెరికా)

ఇక్కడి అనుభవం క్లుప్తంగా చెబుతాను. 1965లో అమెరికా తెచ్చిన హైవే సుందరీకరణ చట్టం ప్రకారం ప్రధాన రహదారుల అంచు నుంచి వెయ్యి అడుగుల లోపు కనిపించే తుక్కు యార్డులను చెట్లతోనో, కంచెతోనో కనిపించకుండా మరుగుపరచాలి, లేదా తొలగించాలి. పారిశ్రామిక ప్రాంతాల్లోని యార్డులకు మినహాయింపు ఉంది. తొలగింపు ఒక్కటే మార్గమని అనుకోకుండా, ఎత్తయిన ప్రహరీ కట్టాలన్న షరతు మన ఊళ్లలో కూడా పెట్టవచ్చు కదా.

పట్టణ ప్రణాళికా విభాగంలో పనిచేసి రిటైరైన సభ్యుడు (హైదరాబాద్)

డాలస్ మిత్రులు చెప్పిన చట్టం కంటికి కనిపించే వికారం గురించి వచ్చింది. మన సమస్య అది కాదు. ఎత్తయిన ప్రహరీ వెనుక టైర్లలో నీరు అలాగే ఉంటుంది. పైగా వీధిలోకి తెరుచుకునే దారి ఒక్కటే మిగిలితే, మంటలు వచ్చినప్పుడు లోపలివారు తప్పించుకోవడం మరింత కష్టమవుతుంది.

కొట్టు ఎక్కడ ఉందన్న దానికంటే అందులో ఏ పని జరుగుతోంది, ఎంత సరుకు నిల్వ ఉంది, రాత్రి ఎవరు పడుకుంటున్నారు అన్నవే ప్రమాదాన్ని నిర్ణయిస్తాయి. మన నియమాలు సరిగ్గా ఈ మూడింటినే పట్టించుకోవడం లేదన్నది నా ఫిర్యాదు. జీహెచ్‌ఎంసీ చట్టంలోని 521వ సెక్షన్ ప్రకారం కొన్ని వస్తువులను నిల్వ చేయడానికి, కొన్ని వ్యాపారాలు చేయడానికి లైసెన్స్ తీసుకోవాలి. ఆచరణలో ఆ ట్రేడ్ లైసెన్స్ రుసుమును షాపు వైశాల్యాన్ని, ముందున్న రోడ్డు వెడల్పును బట్టి లెక్కిస్తారు. లోపల పుస్తకాలు పేర్చారా, యాసిడ్ కారుతున్న బ్యాటరీలు పేర్చారా అన్నది ఆ లెక్కలోకి రాదు. అగ్నిమాపక శాఖ అనుమతి సంగతీ అంతే. 1999 నాటి ఫైర్ సర్వీస్ చట్టం ప్రధానంగా భవనం ఎత్తును చూస్తుంది. వాణిజ్య భవనమైతే 15 మీటర్లు దాటితేనే ఆ అనుమతి అవసరం. సినిమా హాళ్లు, బడులు, ఫంక్షన్ హాళ్ల వంటి జనం గుమిగూడే చోట్లకు కొలత వేరు. తుక్కు గోదాము సాధారణంగా రేకుల షెడ్డు, మహా అయితే పైన ఒక అంతస్తు. అంటే అన్నిటికంటే సులువుగా అంటుకునే సరుకున్న కట్టడమే ఆ కొలతలో పడకుండా జారిపోతోంది.

అందువల్ల నేను కోరేది తొలగింపూ కాదు, ఉన్నది ఉన్నట్టుగా ఉంచడమూ కాదు. కొనే పనిని, విరగ్గొట్టి నిల్వ చేసే పనిని చట్టంలో రెండుగా విడదీయాలి. కాటా పెట్టుకుని కాగితం, అట్ట, సీసా, ఇనుము కొని, పరిమితమైన బరువు దాటకముందే బయటకు పంపించే చిన్న కొట్టు బస్తీలోనే ఉండాలి. అది లేకపోతే విజయవాడ మిత్రులు చెప్పినట్టు చెత్త కాలువల పాలవుతుంది. గ్యాస్ కట్టర్‌తో కోయడం, కంప్రెసర్లు విప్పడం, టైర్లు, బ్యాటరీలు గుట్టలు పోయడం మాత్రం ఇళ్ల మధ్య ఒక్క రోజు కూడా సాగనివ్వకూడదు. వాహనాల విషయంలో ఈ విభజన ఇప్పటికే జరిగింది. 2021 సెప్టెంబరులో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం వాటిని తుక్కు చేయవలసింది రిజిస్టరైన కేంద్రాల్లోనే. వాడేసిన బ్యాటరీలకు 2022 నాటి నిబంధనలు విడిగా ఉన్నాయి. వీధి చివరి కొట్టు దాకా వీటిని తీసుకువెళ్లవలసిన బాధ్యత స్థానిక సంస్థది.

బాధ్యత కొట్టు యజమానితో ఆగిపోకూడదు. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు మార్కెట్‌లో కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక లోహం నుంచి రేడియేషన్ సోకి పలువురు ఆసుపత్రి పాలయ్యారు, ఒకరు మరణించారు. అది అక్కడికి వచ్చింది ఢిల్లీ విశ్వవిద్యాలయం వేలంలో అమ్మేసిన ఒక పాత గామా కిరణాల పరికరం నుంచి. సుత్తి పట్టుకున్న కూలివాడికి అందులో ఏముందో తెలిసే అవకాశమే లేదు. తెలిసి ఉండవలసింది అమ్మినవారికి. ఆసుపత్రులు, కళాశాలలు, కర్మాగారాలు ఏ పరికరాన్ని ఎవరికి తుక్కు కింద ఇచ్చాయో రాతపూర్వకంగా చూపించాలన్న షరతు లేకుండా, గొలుసులో చివర ఉన్నవాడి మీద మాత్రమే తనిఖీలు చేయడం అన్యాయం.

కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి

అయ్యా, మీ విభజన కాగితం మీద బాగుంది. కాని పరిమితి దాటిందో లేదో ఎవరు తూచి చూస్తారు? వార్డుకు ఒక శానిటరీ ఇన్‌స్పెక్టర్, ఆయనకు వంద పనులు. చిన్న కొట్టుగా లైసెన్స్ తీసుకుని వెనుక షెడ్డులో గోదాము నడిపేవారిని నేను చూస్తూనే ఉన్నాను.

రిటైరైన సభ్యుడు

మీ సందేహం న్యాయమైనదే. అందుకే బరువు కంటే కంటికి తెలిసే కొలతలు పెట్టాలంటాను. సరుకు ఎత్తు ప్రహరీని మించకూడదు. గుట్టకూ గోడకూ మధ్య మనిషి నడిచేంత దారి ఉండాలి. టైరు ఒక్కటైనా కప్పు కింద లేకపోతే జరిమానా. వీటిని చూడటానికి ఇన్‌స్పెక్టర్ అక్కరలేదు, గేటు దగ్గర నిలబడిన మీరే చూసి ఫోటోతో ఫిర్యాదు చేయవచ్చు. లైసెన్స్ షరతులు కొట్టు ముందు తెలుగులో, ఉర్దూలో, హిందీలో బోర్డు మీద రాసి ఉండాలన్నది కూడా చేర్చండి. షరతు ఏమిటో తెలియకపోతే ఉల్లంఘన జరిగిందని ఇరుగుపొరుగువారు ఎలా చెప్పగలరు?

ఇక గోదాములో మనుషులు నిద్రించడం. దీన్ని పూర్తిగా నిషేధించాలి, మినహాయింపులు ఏవీ ఉండకూడదు. కాపలా మనిషి అవసరమైతే గది విడిగా, వీధి వైపు తలుపుతో కట్టాలి.

తుక్కు వ్యాపారి

ఆ చివరి షరతును నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. అయితే ఊళ్లో అద్దె భరించలేకనే పనివారు గోదాములో పడుకుంటున్నారు. నిద్రించకూడదని చెప్పే ఉత్తర్వులోనే వారికి బస చూపే బాధ్యత యజమానిదని కూడా రాయండి. లేకపోతే వారు ఫుట్‌పాత్ మీదికి వెళ్తారు. ఆ ఖర్చు మాకు భారమే, అయినా భరించవలసినదే.

ప్రశ్న అడిగిన సభ్యురాలు

అందరికీ కృతజ్ఞతలు. తొలగించాలన్న వినతిపత్రం మీద నేను సంతకం పెట్టడం లేదు. టైర్లు, బ్యాటరీలు, గ్యాస్ కట్టర్ పని అక్కడి నుంచి తీసివేయించాలని, రోడ్డు మీది సామాను లోపలికి జరిపించాలని, రాత్రి ఎవరూ అందులో పడుకోకుండా యజమాని వేరే బస చూపాలని విడిగా రాసి ఇస్తాను. కొట్టు యజమానితో ఇప్పటివరకు మా కాలనీవారు ఎవరూ నేరుగా మాట్లాడలేదు, ముందు ఆ పని చేస్తాను.

కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి

నా అభిప్రాయం మారలేదమ్మా. ఇళ్ల మధ్య ఆ కొట్టు ఉండకూడదనే అంటాను. అయితే గోదాములో నిద్ర విషయంలో మనకు భేదం లేదు కనుక, ఆ ఒక్క అంశం మీద మీ విజ్ఞాపన ప్రతిని ఇక్కడ పెట్టండి. మా సంఘం తరఫున మా సర్కిల్ కార్యాలయంలో కూడా అదే ఇస్తాము.