విశ్వం ‘బల్లపరుపు’గా ఉందనడం సరైనదేనా?

“విశ్వం బల్లపరుపుగా ఉంది” అని ఒక వ్యాసంలో చదివి, పదో తరగతి చదివే మా అమ్మాయి “దోసెలాగానా నాన్నా?” అని అడిగింది. తప్పు పిల్లది కాదు, మాటది. బల్లపరుపు అనగానే పలచగా పరిచిన వస్తువే కళ్ళముందుకొస్తుంది. శాస్త్రవేత్తలు చెప్పేది మందం సంగతి కాదు, వంపు సంగతి.

ఇంట్లో పుచ్చకాయ ఉంటే దాని మీదే స్కెచ్ పెన్నుతో గీసి చూపించాను. తొడిమ దగ్గర లంబకోణం వచ్చేట్టు రెండు గీతలు మొదలుపెట్టి కాయ నడుం దాకా దించాను. నడుం వెంబడి వాటిని కలిపితే మూడు మూలలూ లంబకోణాలే, మొత్తం 270 డిగ్రీలు! నోటుబుక్కులో ఎలా గీసినా 180 దాటదు.

విశ్వంలో కొలిచిందీ ఇలాంటి త్రిభుజాన్నే. విశ్వం పుట్టిన సుమారు 3,80,000 ఏళ్ళకు బయల్దేరిన వెలుగు ఇప్పటికీ మైక్రోవేవ్ తరంగాలుగా మనకు అందుతోంది. అందులో లక్షలో ఒక వంతు తేడాతో వేడి మచ్చలు, చల్లని మచ్చలు ఉన్నాయి. ఒక మచ్చ రెండు అంచులూ, మనమూ ఆ త్రిభుజానికి మూడు మూలలు. మచ్చల అసలు సైజును లెక్కకట్టవచ్చు. దారిలో వంపు లేకపోతే అవి సుమారు ఒక డిగ్రీ, అంటే పున్నమి చందమామకు రెండింతల వెడల్పున కనబడాలి. 1998 చివర్లో అంటార్కిటికా మీద ఎగరేసిన బూమరాంగ్ బెలూన్‌కూ, తర్వాత డబ్ల్యూమ్యాప్, ప్లాంక్ ఉపగ్రహాలకూ అలాగే కనబడ్డాయి, అంటే వంపు లేనట్టే. (అప్పుడు పదార్థం కాస్త చిక్కగా ఉన్న చోట్లే తర్వాత గెలాక్సీలయ్యాయి. విశ్వాన్ని కొలిచే కొలబద్దా, గెలాక్సీల విత్తనాలూ ఆ మచ్చల్లోనే ఉండటం నాకు ఎప్పుడు తలచుకున్నా ఆశ్చర్యమే.)

అందుకే నా ఓటు “తిన్నని” అనే మాటకు. దారి అడిగితే “తిన్నగా పోండి” అంటాం కదా. అలాంటి విశ్వంలో సమాంతరంగా బయల్దేరిన రెండు కిరణాలు ఎంత దూరం పోయినా కలవవు, దూరం జరగవు. మీరేమంటారు?

— “తిన్నని విశ్వం” అని శీర్షికలో పెడితే “తిన్న” అనే క్రియ అడ్డొస్తుందండీ. “సమతల విశ్వం” అంటే సరిపోదా?

— సమతలంలోనూ “తలం” ఉందండీ, మళ్ళీ బల్ల దగ్గరికే వస్తాం. మీరు చెప్పిన చిక్కు మాత్రం నిజమే. శీర్షికకు “వంపులేని విశ్వం”, లోపలి వివరణకు “తిన్నగా”. ఇకనుంచి అలాగే రాస్తాను.