మనోవర్తి బకాయి వసూలుకు ఏది దారి: జైలు వారెంటా, జీతం జప్తా?

ఇద్దరు పిల్లల తల్లి, హనుమకొండ

మా ఇద్దరు పిల్లల పోషణకు నెలకు 12,000 రూపాయలు చెల్లించాలని కుటుంబ న్యాయస్థానం సెక్షన్ 125 కింద వాళ్ళ నాన్నను ఆదేశించింది. మొదట్లో కొంతకాలం సక్రమంగానే బ్యాంకులో వేశారు. ఆ తర్వాత పండగకో పబ్బానికో ఎంతో కొంత పంపడం, మిగతా నెలలు ఫోను ఎత్తకపోవడం అలవాటైంది. ఇప్పుడు బకాయి ఏడాది దాటింది. ఆయన హైదరాబాదులో ఒక ప్రైవేటు కంపెనీలో నెల జీతానికే పనిచేస్తున్నారు.

వారెంటు వేయించి జైలుకు పంపితే తప్ప దారికి రాడని మా అన్నయ్య పట్టుబడుతున్నాడు. జైలుకు వెళ్తే ఉద్యోగం ఊడుతుందని, ఉన్న ఆధారం కూడా పోతుందని మా అమ్మ భయం. పెద్దమ్మాయి పదో తరగతికి వచ్చింది, ఫీజు గడువు ఎవరి కోసమూ ఆగదు. ఈ రెండు దారుల్లో ఏది ముందు పట్టుకోవాలో తెలిసినవారు కారణాలతో సహా చెప్పాలని కోరుతున్నాను.

న్యాయవాది, గుంటూరు

అమ్మా, మీ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను: నెల జీతం అందుకునే మనిషి దగ్గర ముందు అడగవలసింది జీతాన్నే, శరీరాన్ని కాదు.

అయితే అంతకన్నా ముందు తేదీల సంగతి చూసుకోండి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని సెక్షన్ 125 స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని సెక్షన్ 144 అమల్లోకి వచ్చింది, అంకె మారినా విషయం మారలేదు. దాని మూడో ఉపవిభాగం ప్రకారం, బకాయి పడిన తేదీ నుంచి ఏడాదిలోగా దరఖాస్తు పెట్టిన సొమ్ముకే వసూలు వారెంటు ఇస్తారు. మీ బకాయి ఏడాది దాటిందంటున్నారు కాబట్టి, మీరు తర్జనభర్జన పడుతున్న ప్రతి నెలా వెనక వైపు నుంచి ఒక నెల సొమ్ము ఈ దారికి అందకుండా పోతోంది. ఆ సొమ్ముపై హక్కు మాత్రం చావదు. ఆ గడువు ఒక రకం వసూలు పద్ధతికే వర్తిస్తుందని, సివిల్ దారి తెరిచే ఉంటుందని 2013లో పూంగోడి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒకసారి దరఖాస్తు వేశాక ఆపైన పేరుకునే నెలల కోసం ప్రతిసారీ కొత్త కేసు వేయనక్కరలేదని, అందులోనే మధ్యంతర దరఖాస్తు సరిపోతుందని 2005లో శాంత కేసులో తేల్చింది. కనుక ఈ వారమే దరఖాస్తు వేయించండి, ఏ దారి మేలన్న చర్చ ఆ తర్వాత నింపాదిగా చేసుకోవచ్చు.

ఇక జీతం సంగతి. మామూలు అప్పుల డిక్రీలో జీతంలోని మొదటి వెయ్యి రూపాయలను, మిగిలినదానిలో మూడింట రెండు వంతులను ముట్టుకోవడానికి వీల్లేదు. మనోవర్తి డిక్రీకి మాత్రం సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 ఆ లెక్కను తిరగేసింది: ఒక వంతుకే రక్షణ ఉంటుంది, రెండు వంతుల దాకా జప్తు చేయవచ్చు. పిల్లల తిండి బ్యాంకు అప్పులాంటిది కాదని చట్టమే ఒప్పుకున్న చోటు ఇది. ప్రైవేటు ఉద్యోగుల కోసం అదే కోడ్‌లోని ఆర్డర్ 21 అనే భాగంలో 48ఎ నిబంధన ఉంది. కోర్టు నోటీసు అందాక కంపెనీ ఆ కోత కోయకుండా మొత్తం జీతం ఉద్యోగికి ఇచ్చేస్తే, ఆ మేరకు కంపెనీయే బాధ్యత వహించాలి. జీతం చెల్లించే అధికారి ఏ కోర్టు పరిధిలో ఉంటే ఆ కోర్టు ద్వారానే ఈ ఉత్తర్వు రావాలి. ఆయన కంపెనీ హైదరాబాదులో ఉంది గనుక అమలును అక్కడికి బదిలీ చేయించుకోవలసి ఉంటుంది.

సెక్షన్ 125 ఉత్తర్వును సివిల్ పద్ధతిలో ఎలా అమలు చేస్తామని బెంచి గుమాస్తా నుంచి అవతలి వకీలు దాకా ఎవరైనా అడ్డు చెప్పవచ్చు. 2020 నవంబరు 4న రజనీష్–నేహా కేసులో సుప్రీంకోర్టు, మనోవర్తి ఉత్తర్వును సివిల్ కోర్టు డబ్బు డిక్రీలా అమలు చేయవచ్చని స్పష్టంగా చెప్పింది. ఆ తీర్పు ప్రతిని దరఖాస్తుకు జతచేయండి.

విశ్రాంత కోర్టు సూపరింటెండెంట్, రాజమహేంద్రవరం

న్యాయవాది గారు చెప్పిన చట్టంలో నేను తప్పుపట్టేది ఏమీ లేదు. అది నడిచే తీరు మీదే నా అభ్యంతరం. జీతం జప్తు ఉత్తర్వు కంపెనీకి చేరేసరికి ఆ మనిషి రాజీనామా ఇచ్చి వేరే కంపెనీలో చేరి ఉంటాడు, లేదా అదే కంపెనీలో జీతం తగ్గించుకుని మిగతాది వేరే పద్దు కింద తీసుకుంటూ ఉంటాడు. అప్పుడు అమలు దరఖాస్తు, అంటే మన కోర్టు భాషలో ఈపీ, మళ్ళీ మొదటికొస్తుంది. అదీగాక మన జిల్లాల్లో మనోవర్తి ఎగ్గొట్టేవాళ్ళలో నెల జీతగాళ్ళెందరు? లారీ నడిపేవాడికీ, టైల్స్ పని చేసేవాడికీ, స్థలాల బేరాలు కుదిర్చేవాడికీ జీతం చీటీ ఎక్కడుంటుంది?

నా ఉద్యోగ జీవితంలో చాలాసార్లు చూసిన తంతు ఒకటి చెబుతాను. వారెంటు మొదట “ఇంటికి తాళం వేసి ఉన్నది” అన్న రాతతో తిరిగొస్తుంది. రెండోసారి పట్టుదలగల కానిస్టేబులు ఎవరైనా దొరికితే మనిషిని సాయంత్రం బెంచి లేవబోయే ముందు తెచ్చి నిలబెడతాడు. ఉద్యోగం లేదనీ, ఒంట్లో బాగాలేదనీ, చేతిలో చిల్లిగవ్వ లేదనీ చెబుతాడు. జడ్జి గారు రిమాండు కాగితం మీద సంతకానికి కలం తీయగానే వరండాలో ఫోన్లు మొదలవుతాయి. గంట గడవకముందే బావమరిదో మేనమామో సంచీలో నోట్ల కట్టలు పట్టుకుని ఆటో దిగుతాడు. అన్నాళ్ళూ లేని సొమ్ము ఆ గంటలో ఎలా పుట్టిందని ఎవరూ అడగరు. జీతం జప్తు ఈ పని చేయలేదు, ఎందుకంటే అది మనిషిని భయపెట్టదు.

ఇంకొక తేడా కూడా ఈ అమ్మాయికి తెలియాలి. సివిల్ పద్ధతిలో బాకీదారును అరెస్టు చేయించాలంటే అతడి జైలు భోజనానికి బత్తా ముందుగా దరఖాస్తుదారే కోర్టులో కట్టాలి. పిల్లల ఫీజుకే లేనివాళ్ళు అతడి భోజనానికి కట్టడమంటే నాకు మనసొప్పదు. సెక్షన్ 144 వారెంటులో ఆ బెడద లేదు.

చెల్లించవలసిన స్థితిలో ఉన్న ఒక తండ్రి, కూకట్‌పల్లి

ఇక్కడ మాట్లాడుతున్నవారంతా ఎగ్గొట్టేవాళ్ళనే ఊహించుకుంటున్నారు. నా ఉద్యోగం పోయింది, కొత్తది దొరికేసరికి జీతం సగమైంది, కోర్టు వేసిన మొత్తం మాత్రం తగ్గలేదు. పైగా నా కూతుర్ని చూడనివ్వరు. చూడనివ్వని బిడ్డకు నెలనెలా కట్టమనడం, కట్టలేకపోతే సంచీ పట్టుకుని ఎవరైనా వచ్చేదాకా నిలబెట్టడం న్యాయమా? సూపరింటెండెంటు గారు చెప్పిన ఆ నోట్ల కట్టలు వడ్డీకి తెచ్చినవి కావని ఎవరు చెప్పగలరు?

న్యాయవాది, గుంటూరు

మీ మాటలో చివరి ప్రశ్న బరువైనదేనండీ, దాన్ని కొట్టిపారేయను. డిక్రీ కట్టలేని పేదరికానికి జైలు శిక్ష కాకూడదని 1980లోనే జాలీ జార్జి వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సెక్షన్ 144లో కూడా “తగిన కారణం లేకుండా” చెల్లించనివారికే ఈ వారెంటు. కానీ ఆ కారణాన్ని మీరే కోర్టు ముందు పెట్టాలి. ఆదాయం తగ్గిన వెంటనే సెక్షన్ 146 కింద మొత్తం తగ్గించమని దరఖాస్తు వేసుకోవలసింది. అది వేయకుండా కట్టడం మానేస్తే పాత మొత్తమే నెలనెలా పేరుకుంటుంది. ఆరోగ్యవంతుడైన భర్త కూలిపని చేసైనా భార్యాపిల్లలను పోషించాలని 2022లో అంజు గార్గ్ కేసులో వచ్చిన తీర్పును కూడా మర్చిపోవద్దు.

బిడ్డను చూడనివ్వకపోవడం వేరే తప్పు, దానికి వేరే దరఖాస్తు ఉంది. పోషణ హక్కు బిడ్డది. తల్లి చేసిన పనికి బిడ్డ అన్నంలో కోత పెట్టడానికి ఏ కోర్టూ ఒప్పుకోదు. ఈ రెండింటినీ ముడిపెట్టినవారు రెండు చోట్లా నష్టపోవడమే నేను చూశాను.

సూపరింటెండెంటు గారికి ఒక మాట. ఆ సాయంత్రం వచ్చిన సంచీలో ఎంత ఉంటుందో కూడా చెప్పి ఉండవలసింది. సాధారణంగా రెండు మూడు నెలల సొమ్ము కట్టి, వారెంటు రీకాల్ చేయించుకుని, మిగతాదానికి వాయిదా అడుగుతారు. జైలుకు నిజంగా వెళ్ళాడే అనుకుందాం. ఒక దరఖాస్తుపై ఒక నెలకు మించి జైలులో ఉంచరాదని 1999లో షహదా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు అన్నది, ఆ నెల గడిచాక తల్లి మళ్ళీ దరఖాస్తు వేసుకోవాలి. జైలుకు వెళ్ళొచ్చినంత మాత్రాన బాకీ తీరదని 1989లో కుల్దీప్ కౌర్ కేసు చెప్పింది. అంటే మొండివాడు నెల రోజులు కూర్చుని వస్తే తల్లికి దక్కేది అదే బాకీ, మరో దరఖాస్తు ఖర్చు. మీ ఆయుధం సిగ్గూ భయమూ ఉన్నవాడి మీద మాత్రమే పనిచేస్తుంది.

కొడుకును పెంచుతున్న తండ్రి, విశాఖపట్నం

చర్చంతా తండ్రి నుంచి వసూలు చేయడం గురించే సాగుతోంది. మా ఇంట్లో లెక్క తిరగబడింది. బాబు నా దగ్గర ఉన్నాడు, వాళ్ళమ్మ ప్రభుత్వ ఉద్యోగి. నాబోటివాడికి కూడా ఏదైనా దారి ఉందా, లేక మగవాడు అడిగితే నవ్వుతారా?

న్యాయవాది, గుంటూరు

నవ్వే విషయం కాదు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం సెక్షన్ 20 పిల్లల పోషణ బాధ్యతను తండ్రి మీదా తల్లి మీదా కూడా పెట్టింది. విడాకుల కేసు నడుస్తుంటే హిందూ వివాహ చట్టం సెక్షన్ 26 కింద అదే కోర్టులో అడగవచ్చు. గృహహింస చట్టం మాత్రం మీకు వర్తించదు. ఉత్తర్వు చేతికొచ్చాక ప్రభుత్వ ఉద్యోగి జీతం జప్తు చేయడం అన్నింటికన్నా తేలిక. ఆర్డర్ 21లోని 48వ నిబంధన కింద జీతం చెల్లించే అధికారి ఏ జిల్లాలో ఉన్నా మీ కోర్టే ఉత్తర్వు పంపవచ్చు.

డల్లాస్ నుంచి ఒక పాఠకురాలు

అమెరికాలో ఉన్న తండ్రుల మాట కూడా ఎవరైనా అడుగుతారని చూశాను. ఇక్కడ జీతం కోత జైలుకన్నా ముందు వస్తుంది. ఉత్తర్వు ఉంటే యజమాని నేరుగా కోసి రాష్ట్ర సంస్థకు పంపుతాడు, పన్ను వాపసు సొమ్మును కూడా పట్టుకుంటారు. అమెరికా పౌరుడైన తండ్రి బకాయి 2,500 డాలర్లు దాటితే పాస్‌పోర్టు ఇవ్వరు. అయితే ఇదంతా ఇక్కడి ఉత్తర్వుకే. డిక్రీలను పరస్పరం అమలు చేసుకునే దేశాల జాబితాలో భారత్‌కు అమెరికా లేదు కాబట్టి, హనుమకొండ ఉత్తర్వు దానంతటది ఇక్కడ అమలు కాదు. తండ్రి ఉంటున్న రాష్ట్రంలోనే దరఖాస్తు పెట్టుకోవడం మేలు. అతడికి ఇండియాలో పొలమో ఫ్లాటో ఉంటే దాన్ని జప్తు చేయడం మాత్రం అక్కడి కోర్టు పనే.

ఇద్దరు పిల్లల తల్లి, హనుమకొండ

అందరికీ కృతజ్ఞతలు. ఏడాది గడువు సంగతి నాకు తెలియదు, రేపే కోర్టుకు వెళ్తున్నాను. వకీలు ఫీజు భరించే స్థితి ప్రస్తుతం లేదు. ఆయన కంపెనీ మారితే ఆ కొత్త చిరునామా నేనెలా తెలుసుకోవాలి? ఫ్లాటు కొన్నారని బంధువుల ద్వారా విన్నాను, అది ఎవరి పేరున ఉందో తెలియదు.

న్యాయవాది, గుంటూరు

వకీలు కోసం మీ జిల్లా కోర్టు ఆవరణలోనే ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి. 1987 నాటి చట్టం సెక్షన్ 12 ప్రకారం మహిళలకూ పిల్లలకూ ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి, ఆదాయ ధ్రువపత్రం అడిగితే ఆ సెక్షన్ చూపించండి. ఫ్లాటు ఉన్న ప్రాంతపు సబ్-రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ, అంటే ఆస్తి లావాదేవీల వివరాల పత్రం, తీయిస్తే అది ఎవరి పేరున ఉందో బయటపడుతుంది. ఆయన పేరునే ఉంటే జప్తు కోరడంతోపాటు, ఇకపై రావలసిన మనోవర్తికి ఆ ఆస్తిపై ఛార్జి (బాకీకి ఆస్తినే హామీగా ఉంచే హక్కు) సృష్టించమని కూడా అడగండి, అమ్మేసి చేతులు దులుపుకోవడం కష్టమవుతుంది.

కంపెనీ చిరునామా మీరు వెతకనక్కరలేదు, ఆయన చేతే చెప్పించాలి. రజనీష్ తీర్పు ప్రకారం జీతం, బ్యాంకు ఖాతాలు, ఆస్తుల వివరాలతో ఆయన అఫిడవిట్ వేసి ఉండాలి, దాని నకలు తీసుకోండి. అమలు దశలో ఆర్డర్ 21, 41వ నిబంధన కింద తాజా ఆస్తుల అఫిడవిట్ కోరండి. ఆ ఆదేశాన్ని పాటించకపోతే మూడు నెలల దాకా సివిల్ జైలులో పెట్టే అధికారం కోర్టుకు ఉంది.

విశ్రాంత కోర్టు సూపరింటెండెంట్, రాజమహేంద్రవరం

తిరిగి తిరిగి మీరూ జైలు గుమ్మం దగ్గరికే వచ్చారు కదా, న్యాయవాది గారూ!

న్యాయవాది, గుంటూరు

వచ్చానండీ, కాదనను. అయితే మీరు డబ్బు తెమ్మని ఆ గుమ్మం చూపిస్తున్నారు, నేను డబ్బు ఎక్కడుందో చెప్పమని చూపిస్తున్నాను. మొదటి దానికి కూకట్‌పల్లి తండ్రిగారి లాంటివారు కూడా బలవుతారు. రెండోదానికి దాచుకున్నవాడు మాత్రమే భయపడాలి. ఈ అమ్మాయి సెక్షన్ 144(3) దరఖాస్తును గడువు కాపాడుకోవడానికి రేపు వేసి, జీతం జప్తు ఈపీని రజనీష్ తీర్పుతో కలిపి నెలలోగా వేస్తే, వారెంటు ఏ దశలో అడగాలన్నది ఆయన అఫిడవిట్ చూశాక నిర్ణయించుకోవచ్చు.