స్క్వాట్‌లో నడుము కుడివైపు జరుగుతోంది: బరువు ఆపేయాలా, ఎత్తుతూనే సరిచేసుకోవాలా?

ఎల్బీనగర్ లిఫ్టర్:
రెండేళ్లుగా జిమ్‌కు వెళ్తున్నా. భుజాల మీద బార్ పెట్టుకుని కూర్చుని లేచే స్క్వాట్ ఈమధ్యే 100 కిలోలకు వచ్చింది. పోయిన వారం ఫ్రెండ్ వెనక నుంచి వీడియో తీశాడు, చూసి కంగుతిన్నా. 70 దాకా బాగానే ఉంది. 90 దాటాక, కింద నుంచి లేచేటప్పుడు నడుము మొత్తం కుడివైపుకు జరిగిపోతోంది. ఎడమ తొడ టేపు పెట్టి కొలిస్తే ఒకటిన్నర సెంటీమీటరు తక్కువ ఉంది. నొప్పి మాత్రం లేదు. కోచ్ ఏమో మూడు నెలలు బార్ ముట్టుకోకు, ఒంటికాలి వ్యాయామాలే చెయ్ అంటున్నాడు. ఫ్రెండ్ ఏమో పట్టించుకోకు అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

పాత తాలీం:
కోచ్ మాట విను తమ్ముడూ. రెండు కాళ్లూ కలిసి ఎత్తుతుంటే బలమున్న కాలే పని లాక్కుంటుంది. ఇంట్లో ఎవడు పలికితే వాడికే పని చెప్పినట్టు. నేను 110 దగ్గర ఇదే నిర్లక్ష్యం చేసి, తుంటి పట్టేసి, నెలన్నర మెట్లెక్కడానికి అవస్థపడ్డా.

బల్గేరియన్ స్ప్లిట్ స్క్వాట్ పట్టుకో. వెనక కాలు బెంచీ మీద, ముందుకాలితో దిగి లేవాలి. ఎడమతో మొదలుపెట్టు. ఎడమ 8 చేస్తే కుడికీ 8 మాత్రమే. కుడి 12 చేయగలదు కదా అని చేయించావా, తేడా ఎక్కడిదక్కడే ఉంటుంది. మేం చిన్నప్పుడు తాలీంలో బస్కీలు వందలు తీసేవాళ్లం, ఒంటికాలి పని ఎవరూ చెప్పలేదు. దాని ఫలితం ఇప్పుడు నా తుంటి చెబుతోంది.

నైట్‌షిఫ్ట్ బ్యాచ్:
మూడు నెలలు బార్ మానేస్తే బార్ కింద ఎలా నిలబడాలో అదే మర్చిపోతాడు అన్నా. సరిగ్గా కొలిస్తే ఎవరి కాళ్లూ అచ్చంగా సమానంగా ఉండవు. వెయిట్‌లిఫ్టింగే తీసుకోండి. జర్క్‌లో, అంటే బార్‌ను భుజాల మీంచి తలపైకి నెట్టేటప్పుడు, ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కి. చాలామంది ఏళ్ల తరబడి అదే కాలు ముందుకు వేస్తారు. శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీలో 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చిన ఆట అది. కాళ్లు సమానమయ్యేదాకా ఆగుదాం అనుకుంటే ఆ ఆటే ఉండేది కాదు.

పాత తాలీం:
240 ఒక్కసారి ఎత్తలేదు బాబూ. నేల మీంచి ఒకే ఊపులో తలపైకి ఎత్తే స్నాచ్‌లో 110, ముందు భుజాలకు, తర్వాత తలపైకి ఎత్తే క్లీన్ అండ్ జర్క్‌లో 130, రెండూ కలిపి. పైగా జర్క్‌లో కాళ్లు కావాలని అలా వేస్తారు. ఈ తమ్ముడి నడుము తనకు తెలియకుండా జరుగుతోంది. రెండూ ఒకటెలా అవుతాయి?

కొత్తపేట ఫిజియో:
ఇద్దరూ బలం దగ్గరే ఆగిపోయారు. లిఫ్టర్ గారూ, ఎడమ చీలమండ ఎప్పుడైనా బెణికిందా?

ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. చెప్పులు తీసి, గోడకు ఎదురుగా కాలు పెట్టి, మడమ నేలకు ఆనించే మోకాలిని గోడకు తాకించాలి. తాకినకొద్దీ పాదం కొంచెం కొంచెం వెనక్కి జరపండి. మడమ లేవకుండా ఎంత దూరం నుంచి తాకగలరో కొలవండి. రెండో కాలికీ అంతే. ఒకవైపు చీలమండ బిగుసుకుపోయి ఉంటే, కిందికి దిగాక ఆ మోకాలు ముందుకు రాదు, శరీరం రెండోవైపుకు తప్పుకుంటుంది. అది తేలకుండా ఎన్ని స్ప్లిట్ స్క్వాట్లు చేసినా సగం పనే.

ఇంకోటి, అచ్చంగా సమానం కావాలనే పట్టుదల వద్దు. ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) ఆపరేషన్ అయినవాళ్లను మళ్లీ ఆటలోకి పంపేముందు కూడా మేం మామూలుగా చూసేది రెండో కాలి బలంలో కనీసం 90 శాతం వచ్చిందా అని. అయితే కాలు తిమ్మిరెక్కినా, ఉన్నట్టుండి సన్నబడినా అది జిమ్ వ్యవహారం కాదు, డాక్టర్‌కు చూపించాలి.

మణికొండ మామ:
నాకు ఎడమకు జరిగేది. నెల రోజులు గ్లూట్స్ (పిరుదుల కండరాలు) అనీ, బ్యాండ్లనీ నానా తంటాలు పడ్డా. ఒకరోజు ర్యాక్‌లో అద్దం వైపు కాకుండా గోడ వైపు తిరిగి చేస్తే కుడికి జరిగా! ఏమిటా అని చూస్తే నేలే వాలుగా ఉంది. అంతకుముందు అది కార్ల పార్కింగట, కడిగిన నీళ్లు పోవడానికి వాలు పెట్టారు. పైన రబ్బరు మ్యాట్ పరిస్తే ఎవరికి తెలుస్తుంది? తమ్ముడూ, ముందు అటు తిరిగి ఒక సెట్ చెయ్.

నైట్‌షిఫ్ట్ బ్యాచ్:
😂 మామా, నెల రోజులు కాళ్లను తిట్టావన్నమాట.

ఎల్బీనగర్ లిఫ్టర్:
రెండూ చేశా. అటు తిరిగినా కుడికే, కాబట్టి మా జిమ్ నేల నిర్దోషి. గోడ పరీక్షలో కుడి పాదం గోడకు ఆరు వేళ్ల దూరంలో ఉన్నా మోకాలు తాకింది. ఎడమ మూడున్నర వేళ్లకే మడమ లేచిపోయింది. ఫిజియో మేడమ్ అడిగాక గుర్తొచ్చింది, ఇంటర్‌లో కబడ్డీ ఆడుతూ ఎడమ చీలమండ బెణికింది. బండారు పట్టేసి, పదిహేను రోజులు కుంటి, మర్చిపోయా. మరి బార్ ఆపాలా?

కొత్తపేట ఫిజియో:
ఆపొద్దు. నడుము జరగని బరువుకు తగ్గండి, మీ లెక్కన 70. కిందికి దిగాక ఒక క్షణం ఆగి లేవండి. రోజూ అదే గోడ దగ్గర చీలమండకు కదలిక, వారానికి రెండుసార్లు స్ప్లిట్ స్క్వాట్. వెనక నుంచి వీడియో తీసుకుంటూ, నడుము నిలిచిన మేరకే బరువు పెంచండి.

పాత తాలీం:
సగం నా మాటే చెప్పారు మేడమ్. కానీ ఈ వయసులో 70 దగ్గర ఎవడు ఆగుతాడు? బార్ చేతిలో ఉంటే పక్కవాడు 100 వేయగానే వీడూ వేస్తాడు. అందుకే నేను మొత్తం మానమన్నా.

నైట్‌షిఫ్ట్ బ్యాచ్:
అది కాళ్ల సమస్య కాదన్నా, అహం సమస్య. దానికి ఏ కాలితో స్ప్లిట్ స్క్వాట్ చేయాలి?

ఎల్బీనగర్ లిఫ్టర్:
ఐదు వారాల తర్వాత రాస్తున్నా. 80 దాకా నడుము నిలబడుతోంది, 85లో చివరి రెండు రెప్స్‌కు మళ్లీ కుడికి. గోడ దగ్గర ఎడమ నాలుగున్నర వేళ్లకు వచ్చింది. తాలీం అన్న చెప్పినట్టే, మొన్న పక్కవాడు 100 వేస్తే చెయ్యి ప్లేట్ల దాకా పోయింది. వెయ్యలేదు. ఒక చిన్న డౌట్: మడమల కింద పలచటి ప్లేట్లు పెట్టుకుని చేస్తే తప్పా?

పాత తాలీం:
తప్పే.

కొత్తపేట ఫిజియో:
తప్పేం కాదు, రెండు మడమల కిందా ఒకే మందం ఉంటే. గోడ దగ్గర పని మాత్రం మానొద్దు.