కొబ్బరి తోట గట్టుకు ఆకుల కాక్టస్ తీగ కంచె వేయవచ్చునా?

ప్రశ్న – రాజోలు రైతు:
కడియం వైపు ఒక నర్సరీలో పెరెస్కియా అనే తీగ కాక్టస్‌ను చూశాను. దాని లేత ఆకులు పైన బంగారు రంగులోనూ, అడుగున వంగపండు రంగులోనూ ఉన్నాయి. మా తోట ఒక పక్క పంట కాలువ గట్టును ఆనుకొని ఉండడం వల్ల అటునుంచి పశువులు దిగుతున్నాయి. ముళ్లున్న తీగ గనుక కంచెగా నాటవచ్చునా?

జవాబు – మొక్కల పరిశీలకుడు:
నాటవద్దండి. అది పెరెస్కియా అక్యులియాటాలో అందానికి పెంచే రకం. ఉష్ణమండల అమెరికాకు చెందిన ఈ తీగ దక్షిణాఫ్రికాకు అలంకార మొక్కగానే చేరింది. ఇప్పుడక్కడ క్వాజులు-నటాల్ తీరపు అడవుల్లో కొక్కేల్లాంటి ముళ్లతో చెట్ల తలల మీదికి ఎగబాకి, వెలుతురు అందనీయక, తన బరువుతో కొమ్మలను విరిచేస్తోంది. ఆ దేశ చట్టం దానిని తప్పక అదుపు చేయవలసిన మొక్కల్లో చేర్చింది.

జవాబు – మేడతోట:
ఇంత భయం అవసరమా? బ్రెజిల్‌లో దీని ఆకును ఓరా ప్రో నోబిస్ అనే పేరుతో కూరగా వండుకుంటారు. మా మేడమీద కుండీలో కత్తిరిస్తూ పెంచుతున్నాము, ఏ ఇబ్బందీ రాలేదు. ఒకవేళ పెరిగిపోయినా, మన దక్షిణాదిన నాగజెముడును అణచడానికి 1926లో శ్రీలంక నుంచి కొచినీల్ పురుగును తెచ్చినట్లు దీనికీ ఏదో ఒక పురుగు దొరక్కపోదు.

జవాబు – మొక్కల పరిశీలకుడు:
అమ్మా, మేడమీది కుండీకి నా అభ్యంతరం లేదు, కత్తిరించిన ముక్కలను ఎక్కడ పారవేస్తున్నారన్నదే ప్రశ్న. తెగిన కాడే కాదు, రాలిన ఆకు కూడా తడి నేలలో వేరు పోస్తుంది. పండ్లను తిన్న పక్షులు గింజలను దూరంగా చేరవేస్తాయి. కాలువ గట్టున ఉంటే ఆ ముక్కలను నీరే దిగువ ఊళ్లకు మోసుకుపోతుంది. గుర్రపు డెక్క కూడా పూల అందం చూసి తెచ్చుకున్నదే కదా! ఇక పురుగు సంగతంటారా, దక్షిణాఫ్రికాలో ఆకులు తినే పెంకుపురుగును 1991లోనూ, లేత చిగుళ్లను వాడగొట్టే మరో పురుగును 2014లోనూ వదిలారు. మొదటిది ఒక్కటే చాలకపోవడం వల్లనే రెండవది అవసరమైంది.

రైతు గారూ, మీ హద్దు లోపల వాక్కాయ నాటి గుబురుగా కత్తిరించుకోండి, దానికీ ముళ్లున్నాయి, కాయలు పప్పులోకి వస్తాయి.

జవాబు – రాజోలు రైతు:
ధన్యవాదాలండి. పక్క తోటవారు ఇదే తీగను నరికి మురుగు బోదె పక్కన పోగుపెట్టారు. దానిని ఏం చేయమంటారు?

జవాబు – మొక్కల పరిశీలకుడు:
మందపాటి చేతితొడుగులు వేసుకొని, రాలిన ఆకులతో సహా ఏరి, మట్టి తగలని సిమెంటు కళ్లంలో పూర్తిగా ఎండబెట్టి కాల్చమనండి. మొదలును వేర్లతో సహా తవ్వి తీయాలి, వర్షాల తరువాత చిగుళ్లు వచ్చాయేమో మళ్లీ చూడాలి.