ముప్పావు వంతు తారు, పావు వంతు మట్టి: అడ్వెంచర్ బండికి ఏ టైర్లు?

కంకరబాట (ప్రశ్న)

బండికి ముందు 21, వెనక 18 అంగుళాల స్పోక్ చక్రాలు, రెండింట్లోనూ ట్యూబులే. ఎక్కువగా పెట్టెలు, సామానుతోనే నడుస్తుంది. ముప్పావు వంతు తారు రోడ్డు, మిగతాది కంకర, వానాకాలంలో బురద. ఇప్పుడున్నవి రెండూ 50/50 (సగం తారుకి, సగం మట్టికి అని అమ్మే) టైర్లు. వెనకది నడుమ చదునుగా అరిగిపోయింది. మలుపులో బండి ముందు మొరాయించి, తర్వాత ఒక్కసారిగా వాలుతోంది. ముందు టైరులో గుబ్బలు ఇంకా చాలానే మిగిలాయి గానీ ఒక్కో గుబ్బ ఒక పక్క ఎత్తుగా, ఇంకో పక్క పల్లంగా అరిగింది. మధ్యస్థ వేగంలో గుర్రుమని చప్పుడు, హ్యాండిల్‌లో వణుకు.

ఈసారి ఏది వేయాలి? ఈ అరుగుదల టైరు తప్పా, గాలి తప్పా?

సందుచూడు

50/50 అన్న అంకెను పట్టుకుని టైరు కొనొద్దండి. దానికి ఉమ్మడి ప్రమాణం ఏదీ లేదు, కంపెనీ తన టైరు గురించి తాను చెప్పుకునే మాట అది. చూడాల్సింది గుబ్బల మధ్య సందు, గుబ్బ లోతు. సందు వెడల్పుగా ఉంటే చక్రం తిరిగేటప్పుడు బురద విదిలించుకుపోతుంది. ఇరుకైతే అక్కడే అతుక్కుని, టైరు గుండులా నున్నగా తయారవుతుంది.

మీ వాడకానికి ముందూ వెనకా ఒకే రకం అక్కర్లేదు. బురదలో వెనక చక్రం జారితే యాక్సిలరేటర్ తగ్గించి సర్దుకోవచ్చు. ముందు చక్రం జారితే సర్దుకునే వ్యవధే ఉండదు. అందుకని ముందు టైరుని మీరు వెళ్లే దారుల్లో అన్నిటికన్నా చెడ్డదాన్ని బట్టి, వెనక టైరుని తిరిగే కిలోమీటర్లను బట్టి ఎంచుకోండి. ముందు కాంటినెంటల్ టీకేసీ 80, వెనక మిటాస్ ఈ-07 గానీ హైడెనౌ కే60 స్కౌట్ గానీ వేసేవాళ్లు చాలామంది ఉన్నారు, మీకూ సరిపోయే జత అది. టీకేసీ 80 వెనక వేస్తే బరువు బండి తారు మీద తొందరగా తినేస్తుంది. ముందు చక్రానికి ఇంజిన్ లాగుడు ఉండదు కాబట్టి అక్కడ చాలా ఎక్కువ దూరం వస్తుంది. కే60 లాంటి గట్టి రబ్బరుకి ఉన్న లోటు తడి తారు: చలిలో, వానలో బయల్దేరగానే గట్టి బ్రేకులు, మలుపుల్లో బండిని బాగా వంచడం వద్దు.

కొనేముందు టైరు పక్క గోడ చదవండి. ఉదాహరణకి 150/70 బి 18 70క్యూ అని ఉందనుకోండి. బి అంటే బయాస్ బెల్టెడ్ (లోపలి దారపు పొరలు ఏటవాలుగా, పైన పట్టీతో), ఆర్ అయితే రేడియల్ (పొరలు అడ్డంగా తిన్నగా). చివరి 70 అంటే టైరు మోయగలిగేది 335 కిలోలు. క్యూ అంటే గంటకి 160 కి.మీ. వరకు, టీ అయితే 190, హెచ్ అయితే 210. సామాను పెట్టెలతో తిరిగేవాళ్లు వేగం అక్షరం కన్నా బరువు అంకెను ఎక్కువ పట్టించుకోవాలి. ముందొకటి రేడియల్, వెనకొకటి బయాస్ వేయాలంటే టైరు కంపెనీ ఆ జతని ఒప్పుకుందో లేదో చూసుకోండి. తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది: 2423 అంటే 2023లో 24వ వారం.

గాలిగేజి

అరుగుదల గురించి. రెండింటికీ కారణాలు వేరు.

వెనక నడుమ చదునవడం అంటే తిన్నటి తారు రోడ్డు మీద బరువుతో, వేగంతో ఇంజిన్ లాగుడంతా నడిమి గుబ్బల మీదే పడింది. తారుకి కావాల్సిన దానికన్నా కూడా గాలి ఎక్కువ పెట్టి ఉంటే ఇంకా త్వరగా చదునవుతుంది. ముందుదాంట్లో మెట్లలాగా అరగడం బ్రేకుల వల్ల. బ్రేకు వేసిన ప్రతిసారీ గుబ్బ వంగి, నేలని వదిలేటప్పుడు దాని ఒక అంచు రాసుకుంటుంది. గాలి తక్కువైతే గుబ్బ ఇంకా ఎక్కువ వంగుతుంది. మీది నాకు గాలి తక్కువ కేసులాగే కనిపిస్తోంది: మట్టి కోసం తగ్గించి, తారు ఎక్కాక నింపకుండా నడిపితే సరిగ్గా ఇలాగే అరుగుతుంది. గుబ్బ మొదట్లో, టైరుకి అంటుకున్న చోట, సన్నటి పగుళ్లు ఉన్నాయేమో వేలితో పక్కకి వంచి చూడండి. ఉంటే ఆ టైరు తీసేయండి, వేగంలో గుబ్బలు ఊడతాయి. పగుళ్లు లేకపోయినా వణుకు తగ్గకపోతే ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టే షాక్ గొట్టాలు), హెడ్ బేరింగ్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగ్) కూడా చూడాలి.

తారు మీద సామానుతో వెళ్తే మాన్యువల్‌లో ఉన్న గాలే పెట్టండి, చల్లగా ఉన్నప్పుడు కొలవండి. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు పెరిగితే సుమారు 1 పీఎస్ఐ పెరుగుతుంది, వేడి టైరులో పెరిగిన గాలిని వదలొద్దు. కంకర మీద స్పోక్ చక్రాలు, ట్యూబులతో 25 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టండి. పదునైన రాళ్లుంటే 28కి పెంచండి, లేకపోతే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబ్ నలిగి, పక్కపక్కనే రెండు కోతలు పడతాయి. రిమ్ లాక్ (టైరుని రిమ్ముకి నొక్కిపట్టే బిగింపు) లేకుండా 20 కిందకి దిగొద్దు. టైరు రిమ్ మీద జరిగి, ట్యూబ్‌ని లాక్కెళ్లి, వాల్వ్‌ని మొదలంటా చీల్చేస్తుంది. వాల్వ్ నట్టుని రిమ్ముకి బిగించకుండా పైకి, టోపీ దగ్గరికి తిప్పి ఉంచండి. వాల్వ్ ఒక పక్కకి వాలితే టైరు జరిగినట్టే, గాలి తీసి సరిచేసుకోవచ్చు.

ఇంకొకటి: గాడిలో ఉండే టీడబ్ల్యూఐ మిట్ట (టైరు అరిగిపోయిందని చూపే గుర్తు) దాకా ఆగడం తారుకి సంబంధించిన లెక్క. బురదలో గుబ్బ సగం అరిగేసరికే పట్టు పోతుంది. సగం అరిగినవి ఎండాకాలం తారు మీద అరగదీసి, కొత్తవి వానలకి ముందు వేయండి.

కంకరబాట

అవును, గాలి తగ్గించి అలాగే తారు మీద నడుస్తోంది. పగుళ్లు లేవు. టైరు మార్చేటప్పుడు మాత్రం ట్యూబ్ లివర్ (టైరుని రిమ్ మీదకి ఎక్కించే ఇనుప కడ్డీ) కింద పడి తెగుతోంది, అదొక్కటి చెప్పండి.

సందుచూడు

బలం వాడాల్సి వస్తోందంటే ఎదురుగా ఉన్న బీడ్ (రిమ్ముని పట్టుకునే టైరు అంచు) రిమ్ నడుమ పల్లంలో లేదన్నమాట. మోకాలితో అక్కడ నొక్కి పట్టండి, ఇవతల వదులు దొరుకుతుంది. కొత్త ట్యూబ్ వేయండి, పాతది సాగి ఉంటుంది, మడత పడుతుంది. దానికి టాల్కం పౌడర్ రాసి, గుండ్రంగా నిలబడేంత గాలి మాత్రం పెట్టండి. బీడ్‌కి సబ్బు నీళ్లు. వాల్వ్‌కి ఎదురు వైపు మొదలుపెట్టి వాల్వ్ దగ్గర ముగించండి, ఒక్కో పట్టుకి రెండంగుళాలు మించొద్దు. చివరి పట్టుకి ముందు వాల్వ్‌ని లోపలికి నెడితే ట్యూబ్ బీడ్ కింద నుంచి పైకి జరుగుతుంది. లివర్‌ని నిలువుకి మించి ఎత్తారా, దాని కొన ట్యూబ్‌ని కోసేస్తుంది.

గాలి కొట్టాక పక్క గోడ మీదున్న సన్నటి గీత రిమ్ నుంచి చుట్టూ ఒకే దూరంలో ఉందో లేదో చూడండి. ఒకచోట లోపలికి పోతే గాలి తీసి, సబ్బు నీళ్లు పోసి మళ్లీ కొట్టండి. కొత్త టైరుతో మొదటి 150 కి.మీ. దాకా గట్టి బ్రేకులు, పెద్ద వంపులు వద్దు.