లాంగ్ క్యూటీ ఉన్న పేషెంట్‌కి ల్యాప్ కోలి: స్పైనలా, జనరలా?

ప్రశ్న
34 ఏళ్ల మహిళ, పుట్టుకతో లాంగ్ క్యూటీ (ఈసీజీలో, కొట్టుకున్న గుండె తిరిగి సర్దుకునే క్యూటీ సమయం సాగే జబ్బు). క్యూటీసీ (గుండె వేగానికి సరిచేసిన క్యూటీ) 510 మిల్లీ సెకన్లు. ప్రొప్రనొలాల్ (గుండె మీద అడ్రినలిన్ ప్రభావాన్ని తగ్గించే బీటా బ్లాకర్) 40 మి.గ్రా. పూటకొకటి, రోజుకు రెండు. గాల్‌బ్లాడర్ రాళ్లకు ల్యాప్ కోలి (పొట్టలో గ్యాస్ నింపి చిన్న రంధ్రాల గుండా గాల్‌బ్లాడర్ తీసే ఆపరేషన్) పెట్టారు. స్పైనల్ (వెన్నులో ఇచ్చే మత్తు సూది) ఇస్తే మందుల గొడవ తగ్గుతుందని సర్జన్ గారి మాట. ప్రొపొఫాల్ (నరంలోకి ఇచ్చే మత్తు మందు) ఇన్ఫ్యూజన్‌కి పంపు లేదు, సెవోఫ్లూరేన్ (పీల్చే మత్తు మందు) ఉంది.

జవాబు 1
ల్యాప్‌కి స్పైనల్ వద్దండి. పొట్టలో గ్యాస్ ఎక్కగానే భుజం నొప్పి, మెలకువలో భయం. ఈ జబ్బులో టోర్సాడ్స్‌ని (ప్రాణాంతకంగా గుండె లయ తప్పడం) లేపేది ఆ భయంలో, నొప్పిలో వచ్చే అడ్రినలినే. జనరల్ (పూర్తి మత్తు) ఇచ్చి మత్తు డెప్త్ బాగా ఉంచండి. ప్రొప్రనొలాల్ ఆపరేషన్ రోజు పొద్దున కూడా గుక్కెడు నీళ్లతో వేయాలి. రక్తంలో పొటాషియం 4.5 mEq/L దగ్గరికి, మెగ్నీషియం 2 mg/dLకి పైన తెచ్చాకే టేబుల్ ఎక్కించండి. డీఫిబ్ (గుండెకు షాక్ ఇచ్చే యంత్రం) ప్యాడ్లు ఇండక్షన్‌కి (మత్తు మొదలుపెట్టడానికి) ముందే అంటించాలి. శ్వాస ట్యూబ్ వేసేముందు ఫెంటనిల్ కిలోకి 2 మై.గ్రా., లిగ్నోకైన్ కిలోకి 1.5 మి.గ్రా. సక్సినైల్‌కోలిన్, కెటమిన్ జోలికి పోవద్దు.

జవాబు 2
సెవో క్యూటీని పెంచుతుంది, నిజమే. కానీ గుండె కండరం పొరల మధ్య రీపోలరైజేషన్ (తిరిగి సర్దుకోవడం) తేడాని పెంచదు. బీటా బ్లాకర్ మీద ఉన్న పేషెంట్‌కి వాడొచ్చు. నా భయమంతా ట్రేలో అలవాటుగా లోడ్ చేసి పెట్టే వాంతుల మందు ఆన్‌డాన్‌సెట్రాన్ మీదే, అది క్యూటీని పెంచుతుంది. బదులు ఇండక్షన్ తర్వాత డెక్సామెథసోన్ 8 మి.గ్రా. పొట్టలో గ్యాస్ మెల్లగా ఎక్కించి ఒత్తిడి 12 mmHgకి మించనివ్వకండి. బ్రాడీకార్డియా (గుండె నెమ్మదించడం) వస్తే ముందు గ్యాస్ వదలమనండి, అట్రోపిన్ తర్వాత.

ప్రశ్న అడిగినవారు
ఆపరేషన్ చివర్లో కండరాల రిలాక్సెంట్ ప్రభావం తీసేసే సుగమాడెక్స్ లేదు. దానికి బదులు నియోస్టిగ్మిన్, గ్లైకో (గ్లైకోపైరోలేట్) తప్పవా?

జవాబు 1
ఆ రెండూ కలిస్తే క్యూటీ పెరుగుతుంది. సుగమాడెక్స్ తెప్పించుకోగలిగితే మేలు. లేదంటే రిలాక్సెంట్ తక్కువ వాడి, టీఓఎఫ్ రేషియో (కండరాల బలం ఎంత తిరిగొచ్చిందో చూపే కొలత) 0.9 దాటేదాకా వెంటిలేట్ చేస్తూ ఆగండి. మెగ్నీషియం ఇచ్చి ఉంటే రిలాక్సెంట్ ఇంకా లాగుతుంది, తొందరపడకండి.

జవాబు 3
టోర్సాడ్స్ వస్తే మెగ్నీషియం సల్ఫేట్ 2 గ్రా. ఐవీ. పల్స్ లేకపోతే వెంటనే షాక్, సింక్ (గుండె లయతో కలిపి షాక్ ఇచ్చే సెట్టింగ్) ఆఫ్‌లో. లయ మందు ఆమియోడరోన్ ఇవ్వకూడదు, అదే క్యూటీని సాగదీస్తుంది. గుండె వేగం పెంచే ఐసోప్రినలిన్, మందుల వల్ల వచ్చిన లాంగ్ క్యూటీకే, పుట్టుకతో వచ్చినదానికి హాని. కేస్ షీట్ మొదటి పేజీలో ఎర్ర ఇంకుతో ఆన్‌డాన్‌సెట్రాన్, సిప్రోఫ్లాక్ససిన్, అజిత్రోమైసిన్ వద్దని రాయండి. రాత్రి వాంతి అనగానే డ్యూటీ డాక్టర్ చెయ్యి వెళ్లేది వాటిలో మొదటిదానికే.