‘కాటనుం తం భగీరథం’: శ్లోకపాఠం, ఆ ఇంటిపేరు, ఆ పేరున్న ఇతర కాటన్‌లు

గౌతమీతీరం
గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ జయంతి మే 15. ఆ సంచిక మొదటి పేజీలో ఈ శ్లోకం వేస్తున్నాం. దొరికిన ప్రతుల్లో ఒక్కోచోట ఒక్కోలా ఉంది.

నిత్యగోదావరీస్నానపుణ్యదో యో మహామతిః
స్మరామ్యాంగ్లేయదేశీయం కాటనుం తం భగీరథం

కొందరు ‘స్మరామి ఆంగ్లేయ’ అని విడదీశారు. కొందరు ‘మహమతిః’ అన్నారు. ‘కాటనుం’ బదులు ‘కాటనం’ అన్నవారూ ఉన్నారు. ఏది ఉంచాలి? ఇంకో సంగతి. సంచికకు వచ్చిన ఒక వ్యాసంలో గువాహటి కాటన్ కాలేజీ, బెంగళూరు బిషప్ కాటన్ స్కూలు కూడా మన దొర పేరు మీదే వెలిశాయని రాశారు. ఆ వంశం పూర్వం పత్తి వ్యాపారం చేసేదనీ, ఆ ఇంటిపేరు అలా వచ్చిందనీ కూడా ఉంది. తెలిసినవారు చూసి చెప్పండి.

ఛందోబద్ధం
ముందు శ్లోకం సంగతి. ఇది అనుష్టుప్పు. పాదానికి ఎనిమిది అక్షరాలు. నాలుగు పాదాల్లోనూ అయిదోది లఘువు, ఆరోది గురువు. ఏడోది 1, 3 పాదాల్లో గురువు, 2, 4 పాదాల్లో లఘువు. ఈ కొలతతో చూస్తే మీ అనుమానాల్లో రెండు అక్కడికక్కడే తీరతాయి.

మూడో పాదం ‘స్మ-రా-మ్యాం-గ్లే-య-దే-శీ-యం’, సరిగ్గా ఎనిమిది. ‘స్మరామి ఆంగ్లేయ’ అని విడదీస్తే తొమ్మిది అవుతాయి, పాదం తప్పుతుంది. కాబట్టి యణాదేశసంధి చేసి తీరాలి. చదివేవారికి కష్టమని అచ్చులో సంధి విప్పడం మంచి పద్ధతి కాదు. విప్పిన రూపం కింద టీకలో ఇవ్వండి.

‘మహమతిః’ అయితే రెండో పాదంలో ఆరో అక్షరం ‘హ’ లఘువైపోతుంది. ‘మహా’ అన్న దీర్ఘం ఉండాల్సిందే. వ్యాకరణం ప్రకారం కూడా సమాసంలో ‘మహత్’ శబ్దం ‘మహా’ అవుతుంది గనుక అది రెండు విధాలా తప్పు. బహుశా టైపింగులో దీర్ఘం జారిపోయి, ఆ ప్రతినే అందరూ ఎత్తి రాసుకుంటూ వచ్చి ఉంటారు.

‘పుణ్యదో యో’ మధ్య ఖాళీ తప్పకుండా ఉంచండి. చాలా చోట్ల ‘పుణ్యదోయో’ అని కలిపేస్తారు, అప్పుడు అర్థమే తెలియదు. పుణ్యదః, యః, మహామతిః అనేవి మూడు పదాలు. విసర్గ ఓకారమై ‘పుణ్యదో’, ‘యో’ అయ్యాయి. ‘యః’ అంటే ఎవడు, కింది పాదంలోని ‘తం’ అంటే వానిని. నిత్యం గోదావరీ స్నానం చేసిన పుణ్యాన్ని ఇచ్చిన బుద్ధిశాలి ఎవడో, ఆంగ్లదేశానికి చెందిన ఆ కాటన్ అనే భగీరథుణ్ణి స్మరిస్తున్నాను అని తాత్పర్యం. ఈ యః–తం జంట కనబడకపోతే శ్లోకం రెండు ముక్కలై పోతుంది.

ఇక కాటనుం, కాటనం. ఇక్కడ ఛందస్సు సాయం చేయదు. ‘నుం’ అయినా ‘నం’ అయినా గురువే. తేల్చాల్సింది ప్రాతిపదిక, అంటే విభక్తి చేరకముందు ఉండే మూలరూపం. తెలుగులో హల్లుతో ముగిసే పరాయి మాటకు ఉకారం చేర్చి ‘కాటను’ అంటాం. ఆ తెలుగు రూపాన్నే ఉకారాంత పుంలింగంగా తీసుకుంటే భానుః, భానుం లాగా కాటనుః, కాటనుం. అకారాంతం చేస్తే రామః, రామం లాగా కాటనః, కాటనం. హలంతంగానే ఉంచి ‘రాజన్’ శబ్దంలా నడిపితే ప్రథమలో ‘కాటా’, ద్వితీయలో ‘కాటానం’ అవుతుంది. ఆ దారిలో వెళితే పేరే గుర్తుపట్టలేం. మొదటి రెండూ వ్యాకరణానికి నిలుస్తాయి. నా ఓటు ‘కాటనుం’కే. తెలుగునోట పలికిన పేరే అందులో వినబడుతుంది, ఎక్కువ మంది నోట నిలిచిన పాఠమూ అదే.

పాతకాగితం
ఛందోబద్ధం గారు చెప్పినదానికి ఒక్క ముక్క కలుపుతాను. ‘ఆంగ్లేయదేశీయం’ ఒకే సమాసం, విడదీయకండి. పాణిని వ్యాకరణ సూత్రం 5.3.67లో ‘దేశీయర్’ అనే ప్రత్యయం ఉంది. దానికి ‘ఇంచుమించు అంతటి’ అని అర్థం. విడిగా చూసి ఆ అర్థం తీసుకుంటే ‘దాదాపు ఇంగ్లీషువాడు’ అని విపరీతార్థం వస్తుంది. ఇక్కడున్నది దేశ శబ్దం మీద ‘ఈయ’ వచ్చిన రూపం, ఆ దేశపువాడని అర్థం. టీక రాసేవారు ఈ మాట చెప్పడం అవసరం.

ఇంటిపేరు విషయంలో ఆ వ్యాసకర్త పొరబడ్డారు. పత్తికి ఇంగ్లీషువాళ్లు వాడే కాటన్ అనే మాట అరబ్బీ ‘కుత్‌న్’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. కాటన్ అనే ఇంటిపేరు పుట్టుక వేరు. పాత ఇంగ్లీషులో ‘కాట్’ అంటే గుడిసె. ‘కాటుమ్’ అంటే గుడిసెల దగ్గర అని. ఆ మాటతో ఇంగ్లండులో చాలా ఊళ్లున్నాయి. చెషైర్, స్టాఫర్డ్‌షైర్‌లలో కాటన్ అనీ, కేంబ్రిడ్జి పక్కన కోటన్ అనీ ఉన్నాయి. ఆ ఊళ్లనుంచి వచ్చినవారికి ఊరిపేరే ఇంటిపేరైంది. మన వెలగపూడి, గుడిపాటి ఇళ్లపేర్ల వరసే ఇది. ఇంగ్లండుకు పత్తి వ్యాపారం పెద్దయెత్తున రాకముందే ఆ ఇంటిపేరు ఉంది.

అలాగని కాటన్ కనబడిన ప్రతిచోటా మనిషి పేరే అనుకోకూడదు. బెంగళూరు కాటన్‌పేటను కన్నడంలో అరళెపేటె అంటారు. అరళె అంటే దూది. ముంబై కాటన్ గ్రీన్ కూడా పత్తి బేళ్ల వ్యాపారం వల్ల వచ్చిన పేరే. కాలేజీ, స్కూలు, బ్యారేజీ అయితే మనిషిని వెతకండి. పేట, మార్కెట్టు, మిల్లు అయితే పత్తినే వెతకండి.

తూర్పుకాలువ
‘నిత్య’ అన్న మాట కింద కూడా టీక కావాలి. లేకపోతే అది ఉత్త పొగడ్తలా కనిపిస్తుంది. 1847లో మొదలై 1852లో ముగిసిన ఆనకట్ట నదిని నాలుగు పాయల మీద అడ్డుకుంది. అవి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. మట్టం పెరిగిన నీరు ధవళేశ్వరం లాకుల నుంచి తూర్పు డెల్టాకు, బొబ్బర్లంక నుంచి మధ్య డెల్టాకు, విజ్జేశ్వరం నుంచి పశ్చిమ డెల్టాకు వెళ్లింది. ఏటికి ఎన్నో కోసుల దూరంలో ఉన్న ఊరి రేవులోకి కూడా గోదావరి నీరే వచ్చింది. కాలువలో మునిగితే గోదావరిలో మునిగినట్టే, పుష్కరం కోసమో యాత్ర కోసమో ఎదురుచూడక్కరలేదు. ‘నిత్యగోదావరీస్నానపుణ్యదః’ అంటే అది. వేసవిలో కాలువలు కట్టేసే రోజులున్నాయి కదా అని ఎవరైనా అడగొచ్చు. ఇక్కడ నిత్య శబ్దం నిత్యస్నానం, నిత్యపూజ అన్నప్పటి నిత్యమే. అనుష్ఠానంగా రోజూ చేసేదని అర్థం.

గోదావరిని దింపినవాడు గౌతముడు కదా, భగీరథుడన్నారేమిటి అనే ప్రశ్న కూడా వస్తుంది. గౌతముడి కథ నది పుట్టుక గురించి. భగీరథుడు ఉన్న నీటిని ముందు నడిచి, కావలసిన చోటికి తీసుకెళ్లినవాడు. కాలువలు తవ్వినవాడికి రెండోదే సరిపోతుంది. పైగా ‘కాటన్ భగీరథుడి వంటివాడు’ అనలేదు, ‘కాటన్ అనే ఆ భగీరథుణ్ణి’ అన్నారు. ఉపమ కాదు, రూపకం. తాత్పర్యంలో ‘వంటి’ అని రాస్తే బలం పోతుంది.

పాతకాగితం
ఇప్పుడు మనుషుల సంగతి. మన దొర పూర్తిపేరు ఆర్థర్ థామస్ కాటన్. 1803 మే 15న పుట్టి, 1899 జులై 24న డోర్కింగ్‌లో పోయారు. మద్రాసు ఇంజినీర్లలో చేరి, గోదావరి కంటే ముందు 1836లో కావేరి పాయ కొల్లిడం మీద ఎగువ ఆనకట్ట కట్టించారు. 1861లో సర్ బిరుదు వచ్చింది.

గువాహటి కాలేజీ పేరులో ఉన్నది సర్ హెన్రీ జాన్ స్టెడ్‌మన్ కాటన్. అసోం చీఫ్ కమిషనర్‌గా ఉండగా 1901లో కాలేజీ తెరిచారు. ఇప్పుడది కాటన్ యూనివర్సిటీ. 1904 బొంబాయి కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షుడూ ఆయనే. చిక్కు ఎక్కడొస్తుందంటే, ఆయన పుట్టింది 1845లో కుంభకోణంలో. ఆర్థర్ పనిచేసిందీ తంజావూరు జిల్లాలోనే. రెండు పేర్లూ ఒకేచోట కనబడేసరికి తండ్రీకొడుకులని రాసేస్తారు. కాదు. హెన్రీ తండ్రి జోసెఫ్ జాన్ కాటన్, మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి.

బెంగళూరు, సిమ్లా స్కూళ్ల పేరులోని కాటన్ జార్జి ఎడ్వర్డ్ లించ్ కాటన్. 1858 నుంచి కలకత్తా బిషప్పు. సిమ్లా స్కూలు 1859లో, బెంగళూరుది 1865లో మొదలయ్యాయి. 1866 అక్టోబరు 6న కుష్ఠియాలో స్టీమరు ఎక్కబోతూ నదిలో పడి చనిపోయారు. ఆయన ఆనకట్టలు కట్టలేదు, మన ఆర్థర్ బిషప్పు కాదు. ‘బిషప్ ఆర్థర్ కాటన్’ అని ఎక్కడైనా కనిపిస్తే వెంటనే కొట్టేయండి.

ఆర్థర్‌కు నిజంగా అన్నదమ్ములైనవారిలో సర్ సిడ్నీ కాటన్ 1857లో పెషావరులో సేనాధికారి. ఫ్రెడరిక్ కానియర్స్ కాటన్ కూడా మద్రాసు ఇంజినీరే కాబట్టి ‘ఎఫ్. సి. కాటన్’ అని ఉన్న కాగితాలను ఆర్థర్ ఖాతాలో వేయకండి. ఇది చాలా తరచుగా జరుగుతుంది. 1826లో భరత్‌పూర్ కోట పట్టిన లార్డ్ కాంబర్‌మియర్ అసలు పేరు స్టేపుల్టన్ కాటన్, ఆర్థర్‌కు పెదనాన్న కొడుకు. ఆర్థర్ జీవితచరిత్ర రాసిన లేడీ హోప్ ఆయన కూతురు ఎలిజబెత్. పెళ్లివల్ల ఇంటిపేరు మారింది, అందుకే కాటన్‌లలో వెతికితే దొరకదు.

ఈ దేశంతో సంబంధం లేనివారిలో ఒక్కరిని మాత్రం భాషాభిమానులు తెలుసుకోవాలి. సర్ రాబర్ట్ బ్రూస్ కాటన్ (1571–1631) పాత ఇంగ్లీషు రాతప్రతులు కూడబెట్టినవాడు. బేవుల్ఫ్ కావ్యానికి మిగిలిన ఒకే ఒక్క ప్రతి ఆయన సేకరణలోదే. అలమరల పైన రోమన్ చక్రవర్తుల శిల్పాలుండేవి, వాటి పేర్లే అలమరల గుర్తులు. ఇప్పటికీ బ్రిటిష్ లైబ్రరీలో ఆ ప్రతి గుర్తు ‘కాటన్ విటెలియస్ ఎ 15’. 1731లో అగ్నిప్రమాదం జరిగి అంచులు కాలాయి. అనువదించేవారు ‘కాటన్ ప్రతి’ని గుడ్డమీద రాసిన ప్రతి అనుకోకండి, అవి తోలుపత్రాలు.

సూచిక
సంచిక చివర పేర్ల పట్టిక వేస్తారు కనుక ఇవి చూసుకోండి.

ఇంటిపేరు ముందు, కామా, ఆ తర్వాత పేరు, బ్రాకెట్లో పుట్టిన, పోయిన సంవత్సరాలు. సంవత్సరాలు లేకపోతే హెన్రీ దగ్గర దెబ్బ తింటారు. గువాహటి హెన్రీ (1845–1915) ఉన్నాడు, బ్రిటిష్ ఓపెన్ గెలిచిన గోల్ఫ్ ఆటగాడు హెన్రీ కాటన్ (1907–1987) ఉన్నాడు, ఆర్థర్ తండ్రి పేరు కూడా హెన్రీయే.

వరస తెలుగు అకారాదిలో పెట్టండి. ఇంగ్లీషు పట్టిక చూసి దింపితే జార్జి ముందు, జాన్ తర్వాత వస్తాయి. మనకు ‘జా’ తర్వాత నకారం, ఆ తర్వాతే రేఫ (రకారం). కాబట్టి జాన్, జార్జి. అదే లెక్కన సిడ్నీ తర్వాత స్టేపుల్టన్. కాటన్ మేథర్ అనే బోస్టన్ మతగురువు ఉన్నాడు, ఆయనకు కాటన్ ఇంటిపేరు కాదు, పెట్టిన పేరు. తల్లి తండ్రి జాన్ కాటన్ ఇంటిపేరు మనవడికి పేరైంది. ఆయన ‘మేథర్, కాటన్’గా మకారంలోకి వెళ్లాలి.

‘సర్ కాటన్’ అనకండి. సర్ ఎప్పుడూ పెట్టిన పేరు మీద నిలుస్తుంది. సర్ ఆర్థర్ అనో, సర్ ఆర్థర్ కాటన్ అనో రాయాలి. ‘లార్డ్ కాటన్’ కూడా కాదు, ఆయనకు ఆ పదవి లేదు. కాటన్ దొర అంటే ఏ ఇబ్బందీ లేదు, అది మన మాట.

గౌతమీతీరం
చాలా ఉపయోగపడింది. ఒక్క చిన్న సందేహం. విభక్తి చేరిస్తే టైపులో ‘కాటన్కి’ అని న కింద క వత్తు పడుతోంది.

సూచిక
పొల్లు తర్వాత కనబడని విడదీత అక్షరం పెట్టాలి, యూనికోడులో దాని కోడు 200సి. అప్పుడు ‘కాటన్‌కి’ అని నిలుస్తుంది. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్‌లోకి అతికించినప్పుడు అది ఒక్కోసారి రాలిపోతుంది గనుక చివరి ప్రూఫులో ‘న్క’, ‘న్ల’ కోసం వెతకండి. ఆ బెడద వద్దనుకుంటే ‘కాటనుకు, కాటనును, కాటనుతో’ అని ఉకారాంతంగానే నడపండి. శ్లోకంలోని ‘కాటనుం’తో కూడా పొత్తు కుదురుతుంది. కానీ ఒకే సంచికలో రెండు పద్ధతులూ కలపవద్దు.

ఛందోబద్ధం
శ్లోకం చివర ‘భగీరథం’ అని సున్నతో వేసినా, ‘భగీరథమ్’ అని వేసినా తెలుగు అచ్చులో తప్పు లేదు. మకార పొల్లు వేస్తే మాత్రం రెండో పాదం చివర విసర్గ ఎలా దిద్దారో దీన్నీ అంతే శ్రద్ధగా చూడండి. పొల్లు ఎగిరిపోయి ‘భగీరథమ’ అని పడిందంటే పాదంలో తొమ్మిదో అక్షరం వచ్చి కూర్చుంటుంది.